రాజుగారి రుమాలు

గోదావరిఖని బస్సులో కూర్చుని, ఫోన్‌లో నా మాయాలోకపు నవల దిద్దుకుంటున్నాను. దర్బారులో ఎన్ని వజ్రాలు పొదిగినా రాజు కళ్లకు కట్టడం లేదు.

అప్పుడు తెల్లప్యాంటు పెద్దమనిషి ఒకడు ఎక్కాడు. ముందు సీటు మీది బొగ్గుపొడి చూసి మూతి ముడిచి, రుమాలు పరిచి కూర్చున్నాడు. షిఫ్టు దిగొచ్చిన కార్మికుడు పక్కన కూర్చోబోతే మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

"గక్కడ నిలవడు కాకా, బట్టలు ఖరాబైతయ్."

"కారు కొనుక్కో సారూ, ఫికరే ఉండది," అంటూ కార్మికుడు కూర్చున్నాడు.

రుమాలు చిన్నది, మనిషి పెద్దవాడు. దిగుతుంటే చూశాను: ప్యాంటు వెనక రుమాలు మేర తెలుపు, చుట్టూ నలుపు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. రావాలనీ అనుకోలేదు.

ఆ సాయంత్రం నవల్లోంచి వజ్రాలన్నీ కొట్టేశాను. ఇప్పుడు మా రాజు సింహాసనం మీద రుమాలు పరుచుకునే కూర్చుంటాడు. సభ ముగించి వెనుదిరిగితే దర్బారంతా చూస్తుంది. ఎవరూ చెప్పరు.