మా ఇంటి ఓనరమ్మ

అమ్మ పోయాక, దినం రోజు మా చుట్టాలందరూ ఒకటే మాట అన్నారు. ఓర్పుకు మారుపేరట, భూదేవట. భోజనాలయ్యి, చేతులు తుడుచుకుంటూ, దండ వేసిన ఫొటో వైపు చూసి అన్న మాటలవి. కానీ మా అమ్మకు ఓర్పు ఎక్కడిది? కోపమొస్తే వంటింట్లో గిన్నెలన్నీ మోగేవి. తలుపు వేసిందంటే పైవాటా వాళ్ళు కిందికి తొంగిచూసేవాళ్ళు. అంత కోపిష్టి మనిషి మా నాయనమ్మను అన్నేళ్ళు ఎలా చూసుకుందో చెప్పడానికి భూదేవి అన్న మాట సరిపోదు. అందుకే నాకు తెలిసినట్టు నేను చెప్పుకుంటున్నాను.

అవి తొంభైల నాటి రోజులు. మేము అశోక్‌నగర్‌లో ఒక ఇంట్లో కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. నేను కోఠిలో డిగ్రీ చదివేదాన్ని. నాయనమ్మ పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ కిరాయి ఇళ్ళలోనే బతికింది. నారాయణగూడలో ఒక్క గది, తర్వాత చిక్కడపల్లిలో వరండాకు తడిక కట్టిన పోర్షన్, చివరికి మాతోపాటు ఇక్కడ. గోడకు మేకు కొట్టకూడదు, నల్లా వస్తే ముందు ఓనర్ల బిందెలు నిండాలి, దంచేటప్పుడు చప్పుడు బయటికి పోకూడదు, ఇంటికి చుట్టాలొస్తే గట్టిగా నవ్వకూడదు. జీవితమంతా అలా మెసిలిన మనిషికి ఆ భయం ఒంట్లో ఇంకిపోయింది.

మతి తప్పడం మొదలయ్యాక నాయనమ్మ ఒక్కొక్కటే మరిచిపోయింది. తిన్నది మరిచింది. తాతయ్య పోయిన సంగతి మరిచింది. కిరాయి ఇంట్లో ఉన్నానన్నది మాత్రం మరవలేదు. కిరాయి ఇల్లంటే దానికో ఓనరు ఉండాలి కదా. పొద్దున లేచింది మొదలు ఇల్లంతా తిరుగుతూ, అరుస్తూ, అనవసరంగా వెలిగే లైట్లు ఆర్పుతూ కనబడేది మా అమ్మ ఒక్కతే. దాంతో అమ్మ ఓనరమ్మ అయి కూర్చుంది. పైన ఉండే అసలు ఓనర్లను నాయనమ్మ తనలాగే కిరాయికి వచ్చినవాళ్ళనుకుని జాలిపడేది.

“ఓనరమ్మా, నల్లా వచ్చిందా? ఒక్క బిందె పట్టుకుంట,” అని తలుపు పక్కన ఒదిగి నిలబడి అడిగేది. అమ్మ స్నానం చేయించబోతే ముడుచుకుపోయేది. “మీకెందుకమ్మా ఈ తకలీఫ్? మీ చేతుల చేయించుకుంటె పాపం తగుల్తది,” అనేది. అమ్మ తడి బట్టలు విప్పి, ఒళ్ళు తుడిచి, తల దువ్వి, ముద్దలు కలిపి పెడుతుంటే, ఇంత మంచి ఓనర్లు కూడా ఉంటారా అన్నట్టు చూసేది.

తమాషా ఏమిటంటే మా నాన్నను ఎప్పుడూ గుర్తుపట్టేది. మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకు తాగని మా నాన్నను. ఆయన ఆఫీసు నుంచి రాగానే దగ్గరికి పిలిచి చెవిలో చెప్పేది, “బిడ్డా, ఓనరమ్మతోని జగడం పెట్టుకోకు. జర నోరు పెద్దది గాని మనసు మంచిది.” నాన్న బుద్ధిగా తలూపేవాడు. వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా మోగేది.

అమ్మకు ఎక్కడ నొప్పి పుట్టేదో నాకు తెలుసు. చాకిరీకి ఆమె ఎప్పుడూ జంకలేదు. పెళ్ళయిన కొత్తలో ఇదే అత్తగారు తన తలకు నూనె పెట్టి జడ వేసిందట. కాన్పులప్పుడు తల్లి లేని లోటు తెలియనివ్వలేదట. ఆ అత్తగారు పోయేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తనను తన మనిషిగా పిలవాలని అమ్మ ఆశ. ఒకరోజు అన్నం తినిపిస్తూ ఉండబట్టలేక అడిగేసింది.

“అత్తమ్మా, నా మొకం చూడుండ్రి. నేను మీ కోడల్ని. ఓనరమ్మను కాదు.”

నాయనమ్మ బెదిరిపోయింది. నోట్లోని ముద్ద గబగబా మింగి, “అట్లనే అమ్మా. మీరెట్లంటె అట్లనే,” అంది.

అమ్మ మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు మా ఇంట్లో గిన్నెల చప్పుడు కూడా లేదు. దానికి నాకు ఇంకా భయం వేసింది.

పొద్దు వాలగానే నాయనమ్మకు గుబులు మొదలయ్యేది. ఇల్లు ఖాళీ చేయమన్నారని అనుకునేది. రెండు చీరలు, దువ్వెన, ఇత్తడి గ్లాసు మూట కట్టి గడప దగ్గర పెట్టుకునేది. “ఓనరమ్మ మాట అనకముందే మనమే పోవాలె,” అని నన్ను తొందరపెట్టేది. ఆపితే ఏడ్చేది. చివరికి అమ్మే చెప్పులేసుకుని, “పాండ్రి, నాకు తెల్సిన ఇండ్లున్నయి, చూయిస్త,” అని చేయి పట్టుకునేది. ఓనరమ్మే స్వయంగా వెంటవచ్చి కిరాయిదారుకు కొత్త ఇల్లు వెతికిపెట్టడం హైదరాబాదులో మా గల్లీలో తప్ప ఎక్కడా జరిగి ఉండదు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ సాయంత్రాలన్నీ కలిసిపోయి ఒకే పొడుగాటి సాయంత్రంగా కనిపిస్తాయి. అశోక్‌నగర్ గదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే అబ్బాయిలు పుస్తకం పట్టుకుని డాబాల మీద పచార్లు చేస్తుండేవాళ్ళు. చిక్కడపల్లి సందుల్లో పోపు వాసన, సాంబ్రాణి వాసన, ఎవరో వీణ నేర్చుకుంటున్న చప్పుడు. నారాయణగూడ వైపు వెళితే పూలబండి మీద పెట్రోమాక్సు వెలిగేది. గేట్లకు వేలాడే టూ-లెట్ బోర్డులు నాయనమ్మకు చదవరావు. కానీ ఆ అట్టముక్క ఎంత దూరంలో ఉన్నా పోల్చేది. లోపలికి పోయి నల్లా తిప్పి చూసేది, ఎండ ఎటు నుంచి వస్తుందో కనుక్కునేది, పక్కింటివాళ్ళను గొంతు తగ్గించి “ఓనరమ్మ మంచిదేనా?” అని అడిగేది. వాళ్ళు ఏమన్నా సరే, బయటికి వచ్చి మా అమ్మ వైపు చూసి పెదవి విరిచేది. “మీ అంత మంచోళ్ళు కారు,” అనేది. అమ్మ మొహం తిప్పుకుని నడిచేది.

ఒకరోజు చిక్కడపల్లిలో ఒక పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్న చోట నాయనమ్మ ఆగిపోయింది. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు పని దిగి కాళ్ళు కడుక్కుంటున్నారు. వాచ్‌మన్ భార్య ఒక్కతే ఇంకా ఇసుక జల్లిస్తోంది. మోచేతుల దాకా సిమెంటు పూత.

“గిదెవరి ఇల్లు బిడ్డా?” అని అడిగింది నాయనమ్మ.

ఆమె ముందుగా మా నాయనమ్మ చేతిలో మూట చూసింది, వెనక మా అమ్మ మొహం చూసింది. ఏమర్థమైందో గానీ జల్లెడ కింద పెట్టింది.

“మీదే గదా అవ్వా. మీకోసమే కడుతున్నం. ఇన్ని దినాలు రాకపోతివి, వంటిల్లేడ, ఏ అర్ర ఏడుండాల్నో అడుగుదామంటె.”

అమ్మ కంగారుపడింది. నాయనమ్మ మాత్రం మూట అమ్మ చేతికిచ్చి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని సెంట్రింగ్ కర్రల మధ్య నుంచి లోపలికి నడిచింది. జీవితంలో మొదటిసారి ఎవరినీ అడగకుండా ఒక ఇంట్లోకి వెళ్ళింది.

ఇక టూ-లెట్ బోర్డుల జోలికి పోలేదు. రోజూ తన ఇంటి పని చూసుకోవడానికి వెళ్ళేది. ఇటుకలు తడిపారా అని అడిగేది. వాచ్‌మన్ భార్య ఆమె చేయి పట్టుకుని కింది ఫ్లాట్ అంతా తిప్పి చూపించేది. పొద్దంతా తట్టలు మోసిన మనిషి, తన రొట్టెలు తాను కాల్చుకోవాల్సిన మనిషి, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. “మా అవ్వ ఊర్ల ఒక్కతే ఉన్నది. ఈమె అడిగితె జవాబిచ్చినా ఆమెకిచ్చినట్టుంటది,” అంది ఒకసారి అమ్మతో. అమ్మ ఆమెకు డబ్బా నిండా మామిడికాయ తొక్కు తీసుకెళ్ళింది. వాళ్ళిద్దరూ ఇసుక కుప్ప మీద కూర్చుని తక్కువ గొంతుతో మాట్లాడుకుంటుంటే, పైన గోడలు లేని గదుల్లోంచి ఆకాశం కనిపించేది.

ఇల్లు లేచేకొద్దీ నాయనమ్మకు ధైర్యం వచ్చింది. “ఇగ మీకు ఎక్కువ దినాలు తకలీఫ్ ఇయ్యను ఓనరమ్మా. మా ఇల్లు అయిపోవస్తున్నది,” అనేది. అది విని అమ్మ బాత్రూములోకి వెళ్ళి నల్లా వదిలేది. సొంత మనిషే ఇల్లు విడిచి వెళ్ళిపోతానని రోజూ అంటుంటే వినడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

చలికాలం వచ్చేసరికి గోడలకు సున్నం పడింది. నాయనమ్మ బాగా నీరసించింది. నాలుగడుగులు వేసి ఆగేది. ఒక సాయంత్రం వాచ్‌మన్ భార్య అమ్మను పక్కకు పిలిచింది. “అక్కా, తలుపులొచ్చినయి. బిగించినంక తాళాలేస్తరు, కొనుక్కున్నోళ్ళు వస్తరు. ఆలోపే అవ్వతోని పాలు పొంగిద్దాం.”

మర్నాడు రిక్షాలో వెళ్ళాం. నాయనమ్మ తన పట్టుచీర కట్టుకుంది. గుమ్మానికి, ఇనప చువ్వలు కట్టే తీగకు గుచ్చిన మామిడాకులు వేలాడుతున్నాయి. వంటింట్లో మూడు ఇటుకలు పెట్టి, విరిగిన చెక్కముక్కలతో మంట వేసి, వాచ్‌మన్ భార్య తన అన్నం గిన్నెనే తోమి పసుపు రాసి పెట్టింది. నాయనమ్మ చేతిని అమ్మ కింద నుంచి పట్టుకుంది. పాలు పోశారు. పొగ కమ్మింది. ఆ పొగలో నుంచి ఎండ లోపలికి వస్తుంటే మేమంతా ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నట్టు నాకు అనిపించింది. పాలు తూర్పుకు పొంగాయి.

నాయనమ్మ ఇత్తడి గ్లాసులో పాలు పోయించుకుంది. తాను తాగలేదు. అమ్మ ఎదుటికి వెళ్ళి రెండు చేతులతో ఇచ్చింది.

“ఓనరమ్మా, ఇన్నేండ్లు మీ ఇంట్ల ఉన్న. ఒక్కనాడు ఖాళీ చెయ్యమనలే. నేను చూస్తనే ఉన్న, పొద్దుగాల లేస్తె పండుకునేదాక మీరొక్కరే చేస్తరు. మీకు చేసెటోళ్ళు ఎవ్వరు లేరు. ఇగ మీరు గూడ ఈడికే రాండ్రి. నా దగ్గర ఉండుండ్రి. కిరాయి అడగను.”

అమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. “ఉంటనమ్మా. నాకు ఏ అర్ర ఇస్తరు?” అంది.

నాయనమ్మ ఇల్లంతా కలయజూసింది. తొందరపడలేదు. చివరికి ముందు వైపు మూలగది చూపించింది.

“గది మీది. వంటింటికి దూరముంటది. మంచిగ పండుకోండ్రి.”

అమ్మ పాలు తాగి, ఆ గదిలోకి వెళ్ళి, కొత్త సున్నం గోడకు వీపు ఆనించి కూర్చుంది. మేమెవరం పిలవలేదు. గుమ్మం దగ్గర నాయనమ్మ నిలబడి, లోపలికి ఎవరూ పోకుండా కాపలా కాసింది.