ఫ్యాను వేయని ఎండాకాలం

నా చిన్నప్పుడు, మేము రేణిగుంట రైల్వే క్వార్టర్సులో ఉండగా, ఒక ఎండాకాలం మా ఇంట్లో ఫ్యాను వేయడం మానేశారు. కప్పుకు ఫ్యాను తగిలించిన చోట ఉండే గిన్నెలో పిచ్చుకలు గూడు కట్టి గుడ్లు పెట్టాయి. "పిల్లలు ఎగిరిపోయేదాకా ఎవురూ స్విచ్చి ముట్టుకోబాకండి" అని మా అవ్వ తేల్చి చెప్పేసింది. మాకున్నది ఒకటే గది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మా నాయన పగలంతా ఆ ఉక్కలోనే పడుకునేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నాకు మాత్రం ఆ గూడు గొప్పలు పోవడానికి దొరికింది. అవ్వ కుళాయి దగ్గరికి, నాయన బజారుకు వెళ్లిన ఒక సాయంత్రం క్వార్టర్సు పిల్లలందర్నీ పిలుచుకొచ్చాను. మంచం మీద బల్ల, బల్ల మీద స్టూలు వేసి ఒక్కొక్కరినీ ఎక్కించాను. చూస్తే చాలదన్నారు. మూడు గుడ్లూ తీసి అందరి చేతుల్లోనూ పెట్టాను. తల్లి పిచ్చుక కిటికీ ఊచల మీద వాలి ఒకటే అరుపు. నేను దాన్ని ఉష్ ఉష్ అని తోలేశాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది.

గుడ్లు మళ్లీ గూట్లో పెట్టాను గానీ, మర్నాడు పిచ్చుక రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. అవ్వ రోజూ వాకిట్లో నూకలు చల్లుతూనే ఉంది. నాయన తడి తువ్వాలు కప్పుకుని, విసనకర్ర ఊపుకుంటూ, కాస్త నిద్ర కోసం తంటాలు పడేవాడు. వీపంతా చెమటకాయలు లేచాయి. పిట్ట విడిచిపెట్టేసిన గూటి కోసం ఆయన అలా ఉడికిపోతుంటే, నేను దెబ్బలకు భయపడి, ఏమీ ఎరగనట్టు పక్కనే అచ్చనగాయలు ఆడుకున్నాను.

అయిదో రోజు నాయన వీపుకు పౌడరు రాయమని అవ్వ నన్నే పిలిచింది. ఆ వీపు మీద చెయ్యి వేయగానే నాకు ఏడుపు ఆగలేదు. జరిగిందంతా చెప్పేశాను. నాయన ఇటు తిరక్కుండానే అన్నాడు:

"పిచ్చిక రాలేదని నాకు మూడు దినాలుగా తెలుసుమ్మా. నువ్వే సెప్తావని సూస్తా ఉండాను."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఇన్నేళ్లయినా, ఒప్పుకోవాల్సిన తప్పేదైనా కడుపులో దాచుకున్న రోజున నాకు కుదురుండదు. నేను నోరు విప్పేదాకా నా కోసం ఎవరో ఉక్కలో పడి ఉన్నట్టే ఉంటుంది.