తడి చేతుల వాళ్ల ఫోను

గంటలమ్మకు టచ్ ఫోన్లకు యాప్ రాయడం చేతకాదనీ, అందుకే బటన్ల ఫోన్లను పట్టుకుని వేలాడుతోందనీ అంటున్నారు. శుద్ధ అబద్ధం. రాసింది. మూడే వారాల్లో రాసింది. చెవులు కొరుక్కునేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఆమెకు ఆ పేరు పెట్టింది ఆమె గది కింద ఉన్న లాండ్రీ వాళ్లే. తొట్టెలో నానేసిన బట్టలు తీసే వేళకు ఫోన్‌లో గంట కొట్టే యాప్ ఆమెది. ఏ తొట్టె గంట మోగితే ఆ అంకె బటన్ నొక్కి ఆపాలి, అంతే. కానీ బటన్ల ఫోన్లకు యాప్‌లు రాసేవాళ్లు ఒక్కొక్కరే టచ్ ఫోన్ల వైపు వెళ్లిపోయి, ఏరు దాటి తెప్ప తగలేశారు. ఇంతలో టచ్ ఫోన్ల కంపెనీ నుంచి ఆమెకూ కబురొచ్చింది. నెలాఖరులోగా వస్తే ఆమె యాప్‌ను తమ యాప్ స్టోర్ మొదటి పేజీలో పెడతారట. రెండింటినీ చూసుకోవడం ఒక్క మనిషి వల్ల కాదు. ఉంటే ఇక్కడ, పోతే అక్కడ.

పోదామనే అనుకుంది. కొత్తగా రాసిన యాప్‌ను టచ్ ఫోన్‌లో వేసుకుని, లాండ్రీలో పనిచేసే అక్క దగ్గరికి వెళ్లి, సబ్బు డబ్బాల పక్కన అరలో పెట్టింది. మూడో తొట్టె గంట మోగింది. అక్క నీళ్లలోంచి చెయ్యి తీసి నొక్కింది. ఫోన్‌లో ఉలుకూ పలుకూ లేదు. నురగ చేత్తో మళ్లీ నొక్కితే ఐదో తొట్టె లెక్క చెరిగిపోయింది. చివరికి వంగి ముక్కుతో నొక్కింది. గంట ఆగింది.

"ఏమే, ఇకనుంచి నా ముక్కుకు కూడా డ్యూటీ వేశావా?"

"చెయ్యి తుడుచుకోవచ్చు కదే అక్కా!"

"తుడుచుకుంటాలే, రోజుకు రెండొందల సార్లు. బట్టలు నువ్వు ఉతుకు."

పక్క తొట్టె ఆవిడ అందుకుంది. "మరి జలుబు చేస్తే ఎలాగమ్మా గంటలమ్మా?"

లాండ్రీ అంతా పకపకలు. గంటలమ్మకూ నవ్వాగలేదు.

పై అంతస్తులోని తన గదికి వెళ్లి, కంపెనీకి రానని రెండు ముక్కలు రాసేసింది. మొదటి పేజీ పోయిందన్న దిగులు ఓ పూట ఉంది. మర్నాడు పాత యాప్‌లో ఇంకో మూడు తొట్లకు చోటు చేసి, కిందికి దిగి, అక్క బటన్ల ఫోన్‌లో గంట మోగించి చూసుకుంది. తడి వేలు ఒక్కసారి నొక్కితే ఆగింది. ప్రాణం హాయిగా ఉంది.

లోటల్లా ఒక్కటే. పని చిక్కుపడితే అడగడానికి ఆ ఫోన్ల మీద పనిచేసే తోటివాళ్లు ఒక్కరూ మిగల్లేదు. తనలో తనే గొణుక్కుంటోంది. ఆ లాండ్రీ వైపు వెళ్తే మెట్లెక్కి, ఎడమచేతి తలుపు తట్టి, ఎలా ఉందో ఓసారి చూసి రండి. యాప్‌ల సంగతి తెలియకపోయినా ఫరవాలేదు, ఊ కొడితే చాలు.