మా మిద్దె మీద మద్రాసు దిక్కు

మొన్న నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూద్దామని మా అపార్టుమెంటు మేడ మీదికి ఎక్కాను. తిరుపతిలో అపార్టుమెంటు మేడ మీద ఏముంటుంది, ఆరేసిన దుప్పట్లు, నల్లటి ట్యాంకులు, ఇంటికొకటి చొప్పున వెల్లకిలా పెట్టిన గొడుగుల్లాంటి డిష్షులు. ఆ డిష్షులన్నీ ఒకే దిక్కుకు, ఒకే వాలున మెడలెత్తి, ప్రార్థన వేళ బడిపిల్లల్లాగా నిలబడి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి పక్కచూపు చూడటం లేదు. నాకెందుకో అది నచ్చలేదు. వయసు పైబడేకొద్దీ నాకు నచ్చనివి ఎక్కువవుతున్నాయని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది, దాన్ని నేను ఖండించను. కానీ నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, వీధిలో నిలబడి మిద్దెల వైపు చూసి ఏ ఇంటి మనసు ఎటు ఉందో చెప్పగలిగిన రోజులు మనవి. యాంటెన్నాను ఎటు తిప్పాలనేది అప్పట్లో ప్రతి ఇంటికీ ఒక నిర్ణయం. మా ఇంట్లో అది కొంచెం ముదిరింది.

తొంభైల మొదట్లో మేము తిరుపతికీ పుత్తూరుకీ నడుమ, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉండే ఊళ్లో ఉండేవాళ్లం. మా నాయన అక్కడి హైస్కూల్లో తెలుగు పండితుడు. పద్యం ఎత్తుకుంటే గంట కొట్టినా ఆపేవాడు కాదు, పిల్లలు ఆయనను ప్రేమించారని చెప్పలేను గానీ భయపడ్డారని చెప్పగలను. అమ్మది మాకు దూరపు చుట్టరికమే, కాకపోతే వాళ్లది తిరుత్తణి అవతల. రాష్ట్రాల మధ్య గీత గీసినవాళ్లు మా చుట్టాలను సంప్రదించలేదు గనుక, అమ్మ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో తమిళం చదువుకుంది. ఆ విధంగా తెలుగు పండితుడి భార్యకు తెలుగు అక్షరం ఒక్కటీ రాకుండా పోయింది. పెళ్లయిన కొత్తలో నాయన పలక తెచ్చి ఓనమాలు దిద్దించబోయాడట. మొగుడి చేత తప్పులు దిద్దించుకోవడం అమ్మకు సరిపడలేదు. పలక మూలకు పోయింది, నాయన వార్తాపత్రిక అమ్మకు పొట్లాలు కట్టే కాగితంగానే మిగిలింది.

మా నాయన తల్లి, మా అవ్వ, అమ్మను అందరి ముందూ మా అరవామె అనేది. అందులో ద్వేషం ఏమీ లేదు, కొంచెం ఎత్తిపొడుపు ఉండేది, అంతే. కానీ ఏ విషయం వచ్చినా, ఆమెకేం తెలుసులే, ఆమె అరవామె కదా అని మాట తేల్చేయడం ఇంట్లో అలవాటైపోయింది. బంధువుల శుభలేఖ వస్తే అమ్మ చేతికి ఇచ్చేవాళ్లు కాదు, చదివి వినిపించేవాళ్లు. నా మార్కుల కాగితం మీద కూడా అమ్మ సంతకం తమిళంలో ఉంటుందని నాయనే చేసేవాడు. అమ్మ ఏమీ అనేది కాదు. అనకపోవడాన్ని మేము ఒప్పుకోవడమని అనుకున్నాం. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసినా నాకు ఆ తేడా తెలియలేదు.

ఇంతలో టీవీ వచ్చింది. మిద్దె మీద ఇనుప గొట్టం పాతి, దాని నెత్తిన చేపముల్లు లాంటి యాంటెన్నా బిగించి, మద్రాసు దిక్కుకు తిప్పాం. అప్పటికి మాకు అందేది మద్రాసు ఒక్కటే, అదీ బూస్టరు పెడితేనే. ఆ తిప్పడం మీకు వేరే చెప్పాలా? పైన ఒకడు గొట్టం పట్టుకుని వచ్చిందా అని, కింద ఒకరు పోయింది పోయింది అని, వీధిలో ముగ్గురు ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ అంతే, ముట్టుకోవద్దు అని గొంతు చించుకోవడం. అరిచేదంతా మేము, అరవమని పేరు మాత్రం వాళ్లకు.

బొమ్మ పడింది. మాటే అర్థం కాలేదు. సంతలో బేరమాడేంత అరవం మా ఊళ్లో అందరికీ వచ్చు, టీవీలో ఏడుస్తూ మాట్లాడే అరవం మాత్రం ఎవరికీ అందేది కాదు. వారం నడుమ నాటకం వేసే సాయంత్రం వీధంతా మా నడవలో చేరి నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, వంటింటి గడప మీద చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ అమ్మ, ఎవరూ అడగకుండానే, వాడు ఆస్తి రాసిచ్చేశాడంట అంది. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ఆ తిరగడం నాకిప్పటికీ కళ్ల ముందుంది. ఆ రోజు నుంచి అమ్మకు గోడ పక్కన పీట పడింది. అమ్మ చెప్పందే ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా ఊరికి తెలియదు. అనువాదం ఎంత నమ్మకంగా ఉండేదో నేను హామీ ఇవ్వలేను. అమ్మ చేతిలో పడితే ప్రతి అత్తగారూ కోడలికి ఒక చాకిరేవు పెట్టేది, తెర మీద ఆ అత్తగారు కోడలి తల నిమురుతూ కన్నీళ్లు పెట్టుకుంటున్నా సరే. అవ్వ అనుమానంగా చూసేది గానీ కాదనడానికి అవ్వ దగ్గర ఆధారం లేదు.

ఇలా నడుస్తూ వీధిలో మిగతా ఇళ్లకూ టీవీలు వచ్చేసరికి తిరుపతిలోనే చిన్న రిలే కేంద్రం పెట్టారు. తెలుగు టీవీ, దగ్గర నుంచి, బూస్టరుతో పని లేకుండా. ఒక్క వారంలో మా వీధి యాంటెన్నాలన్నీ ఆగ్నేయం నుంచి వాయవ్యానికి తిరిగిపోయాయి. మా నాయన బడి నుంచి వచ్చి, పంచె ఎగ్గట్టి, స్వయంగా నిచ్చెనెక్కి మాదీ తిప్పేశాడు. ఆయన ఆనందం అబద్ధం కాదు. జీవితమంతా తెలుగు చెప్పినవాడి ఇంట్లో తెలుగు టీవీ రావడం ఆయనకు ఒక రకమైన న్యాయం జరగడం. వార్తలు చదివేవాళ్ల ఉచ్చారణ దిద్దుతూ ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ పీట తీసి వంటింట్లో పెట్టుకుంది. ఆ వారం నాటకం వేళకు ఒక్క గొంతు కూడా అమ్మను పిలవలేదు, పిలవాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

మరుసటి వారం నేను తిరుపతి నుంచి (అప్పుడు నేను అక్కడొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి) ఇంటికొచ్చేసరికి వీధంతా ఒక దిక్కు, మా మిద్దె ఒక దిక్కు ఉన్నాయి. అమ్మ అంతకుముందు ఎప్పుడూ ఆ నిచ్చెన ఎక్కి ఎరగదు. వడియాలు కూడా కిందే పెట్టేది. నాయన ఎక్కి తిప్పి దిగాడు. మర్నాడు మధ్యాహ్నం అది మళ్లీ మద్రాసు వైపు చూస్తోంది. నాయన గొట్టానికి ఇనుప తీగ బిగించి కట్టాడు. అమ్మ పటకారుతో విప్పింది. ఇంత జరుగుతున్నా అన్నాల దగ్గర ఇద్దరూ ఉప్పు సరిపోయిందా, మజ్జిగ పొయ్యనా అనే తప్ప వేరే మాట ఎత్తలేదు. నాయన స్నేహితుడొకాయన రెండు యాంటెన్నాలు పెట్టుకోమని ఉపాయం చెప్పాడు. టీవీ ఒకటే కదా, పోట్లాట మిద్దె మీద నుంచి నడవలోకి దిగుతుంది, అంతే, అన్నాను నేను. నా చదువు ఆ ఇంటికి చేసిన సేవ అదొక్కటే.

చినుకులు పడిన ఒక సాయంత్రం నాయన ఆ నిచ్చెన మీద నుంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మా వైపు ఎముక విరిగితే ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించరు. పుత్తూరు కట్టు కట్టించుకుని, ఆకుపసరూ కోడిగుడ్డు సొనా కలిసిన వాసనతో నాయన కుర్చీలో కూలబడ్డాడు. బడి వాళ్లంతా చూడటానికి వచ్చారు. నాయన, ఏదో మిద్దె మీద పనుండి, అని నసిగాడు. డ్రిల్లు మాస్టారు వదిలే రకం కాదు.

“అది కాదు సామీ, ఎట్ల పడినావు నువ్వు? ఈ వయసులో యాడికెక్కినావు?”

వంటింట్లో నుంచి కాఫీలు తెస్తూ అమ్మ అంది, “తెలుగు కోసం పడినారు లెండి.”

నవ్వాలో వద్దో తేలక పండితులందరూ కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. డ్రిల్లు మాస్టారు మాత్రం నవ్వాడు, ఆయనది భాషకు సంబంధించిన ఉద్యోగం కాదు.

వాళ్లు వెళ్లాక అవ్వ నా మీద పడింది. అప్పుడు యాంటెన్నా మద్రాసు వైపే ఉంది, నాయన అది తిప్పకముందే పడ్డాడు కదా.

“ఏమప్పా, సూస్తా ఉండావే? మీ నాయన సెయ్యి ఇరగ్గొట్టుకున్నాడు, ఆ ముల్లేదో నువ్వన్నా తిప్పిరా పో. తెలుగయ్యోరి ఇంట్లో అరవం ఏందని ఊరు నవ్వతా ఉండాది.”

నేను చెప్పులు విడిచి నిచ్చెన దగ్గరికి నడిచాను. అప్పుడు అమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు, నన్ను చూసి కాదు, నాయనను చూసి.

“ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకేమీ తెలీదనే మాటే ఇంటా ఉండాను. సెరి, తెలీదు. వారానికి ఒక్క పూట నాకు తెలుస్తాది, మీకు తెలీదు. అదొక్కటీ మీ కండ్లకు ఎక్కువగా కనిపించిందా? మీకు దినమంతా తెలుగే కదా. బళ్లో తెలుగు, పేపర్లో తెలుగు, నన్ను తిట్టేది తెలుగు. ఆ ముల్లు నేను తిప్పతానే ఉంటా. మీరెన్ని సార్లు ఎక్కుతారో ఎక్కండి.”

నాయన కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. 

“దిగు రా,” అన్నాడు నాతో. నేనింకా ఎక్కలేదు. “ఉండనీ దాన్ని. నేను పడింది సాలదా, నువ్వు గూడా పడాల్నా?”

ఇది రాజీ అని మా బంధువులు తర్వాత చెప్పుకున్నారు. రాజీ కాదు. అమ్మ గెలిచింది. నేను రాస్తున్నాను గనుక ఆ మాట ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

ఆ వారం నాటకానికి వీధిలోంచి ఎవరూ రాలేదు, అందరి ఇళ్లలో తెలుగు మోగుతోంది. నడవలో మేమే. అమ్మ పీట వేసుకుని కూర్చుంది, కానీ నోరు విప్పలేదు. తెర మీద ఒకాయన పెట్టె సర్దుకుంటున్నాడు, ఒకామె తలుపుకు అడ్డం నిలబడి ఏదో అంటోంది. నాయన గోడ చూశాడు, పంకా చూశాడు, కట్టు సవరించుకున్నాడు. చివరికి తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే, “ఏమంటా ఉండాదే ఆమె?” అన్నాడు. అమ్మ చెప్పింది, పోతే పో, తాళం మాత్రం నా దగ్గర పెట్టిపో అంటోందని. అది నిజంగా ఆమె అందో, మా అమ్మ అందో నాకు తెలియదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు అలాగే నడిచింది. తెలుగు వార్తల వేళకు మా నాయన కండువా భుజాన వేసుకుని పక్కింటికి వెళ్లేవాడు, తెలుగు పండితుడు తెలుగు వినడానికి పొరుగింటికి పోవడం చూసి ఊరు నవ్వింది, ఆయన నవ్వనిచ్చాడు. నాటకం రోజున అమ్మ చెబుతుంటే మధ్యలో ఆపి, అది కాదే, దానికి మంచి తెలుగు మాట ఉండాది అని అందించేవాడు. అయితే మీరే చెప్పండి అనేది అమ్మ. అలా ఆయనకు కొంత తమిళం, ఆమెకు కొంత గ్రాంథికం పట్టుబడ్డాయి. ఆ సంగతి ఇద్దరూ చివరిదాకా ఒప్పుకోలేదు.

తర్వాత కేబులొచ్చింది. యాంటెన్నా గొట్టం బట్టలారేసే తీగకు ఊతమైంది. అవ్వ పోయింది. నాకు తిరుపతిలో కాపురం కుదిరింది. నాయన రిటైరయ్యాక లోపలి గదిలో ఆయనకొక టీవీ, నడవలో అమ్మకొక టీవీ. బొమ్మ అద్దంలా ఉండేది, చుక్కల్లేవు, గీతల్లేవు. తమిళ ఛానళ్లు అమ్మ లెక్కపెట్టలేనన్ని, తెలుగువి అంతకంటే ఎక్కువ. ఎవరి దిక్కు వాళ్లకు దొరికింది గనుక ఎవరూ దేన్నీ తిప్పాల్సిన పని లేకపోయింది. నిచ్చెన ఎక్కాల్సిన పని, జారి పడాల్సిన పని, ఏమంటా ఉండాదే అని అడగాల్సిన పని కూడా లేకుండా పోయాయి. దీన్ని అభివృద్ధి అనే అంటారు, నేను ఫిజిక్సు చదివినవాణ్ణి గనుక కాదనలేను. ఒక్క టీవీ, ఒక్క గొట్టం ఉన్న రోజుల్లో మనం ఎంత పోట్లాడుకున్నా పక్కనున్న మనిషికి ఏం అర్థమవుతోందో తెలుసుకోక తప్పేది కాదు. ఇప్పుడు తప్పించుకోవడం చాలా సులువైంది, అంతే నేననేది.

ఒకసారి సెలవుకు ఇంటికి వెళితే, మధ్యాహ్నం నడవలో అమ్మ ఒక్కతే కూర్చుని, తెర మీద వాళ్లు మాట్లాడేదంతా వరసగా పైకి తెలుగులో చెబుతోంది. వాడు రానంటా ఉండాడు, ఆమె ఎదురుచూడనంటా ఉండాది, అని. నడవలో వినేవాళ్లు లేరు. ఎవరికి చెబుతున్నావమ్మా అని అడిగాను.

“ఇనేటోళ్లు ఇంటారు, ఇననోళ్లు పోతారు. నేను సెప్పేది నిలపను,” అంది, నా వైపు చూడకుండా.

లోపలి గదిలో నాయన టీవీలో వార్తల గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. అమ్మ చెప్పడం అయ్యేదాకా ఆయన దాన్ని పెంచలేదు. లేచి నడవలోకి మాత్రం రాలేదు.