తూములో చిక్కిన గడ్డి

ముసలితనంలో మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. నా పేరు రాయడం తొందరగానే వచ్చింది. ఈ సంగతి రాయడానికి మాత్రం చేయి రాలేదు. ఇన్నేళ్లు మోశాను, ఇక నా వల్ల కాదు. పేరు అడగకండి. వినండి చాలు.

రాయచూరు వైపు కరెంటు ఫ్యాక్టరీ కాలనీలో తోటపని చేసేదాన్ని. క్వార్టర్ల ముందు గడ్డి కోసి, వేపాకు ఊడ్చి, ఎరువు గుంతకు మోయాలి. ఆ గుంత కాలనీకి ఆ చివర. వాననీళ్లు చేరే మడుగేమో నా ఎదురుగానే. అందులో చెత్త వేయొద్దని మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. వేశాను. ఆ ఎండలో అంత దూరం ఎవరు మోస్తారు? తేలితే దొరికిపోయేదాన్నే. కానీ పొగగొట్టం బూడిద పట్టి మా గడ్డి, మా ఆకు బరువెక్కి ఉండేవి. మునిగిపోయేవి. మునిగింది ఎవరికి కనబడుతుంది అనుకున్నాను.

ఒక ఏడు ముసురు పట్టింది. మడుగు తూము పూడి, నీళ్లు వెనక్కి తన్ని, పల్లపు క్వార్టర్లలోకి వచ్చాయి. మేస్త్రీ తూములో చేయి పెట్టి గుప్పెడు గడ్డి లాగాడు. చూడగానే అందరికీ కాశింబీ గుర్తొచ్చింది. మేకల కోసం కాలనీ గట్ల మీద గడ్డి కోసుకునే మనిషి. బూడిద పోయేదాకా ఆ మడుగులోనే జాడించి మోపు కట్టేది.

గేటు దగ్గర మేస్త్రీ ఆమెను ఆపాడు. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వన్న చెప్పు జెర. నా మేకల నోటికాడి గడ్డి నీళ్లల్ల పారేస్తనా? నాకేమన్న పిచ్చా?"

"నాకేం ఎరుక? నా పని నాది."

ఆమె నా చేతిలోని చీపురు కేసి చూసింది. "గా చీపురుకు నోరుంటే బాగుండు అక్కా."

ఆమెకు తెలుసా? ఇప్పటికీ నన్ను నేను అదే అడుగుతుంటాను.

ఆమెను మళ్లీ లోపలికి రానివ్వలేదు. మేకలు అమ్ముకుని, జవళగేర వైపు నాట్ల కూలికి పోయిందన్నారు. నా బిడ్డ జ్వరంతో పడుకున్నప్పుడు, అడక్కుండానే ఆ మేకల పాలు తెచ్చి పోసిన మనిషి.

భయంతో ఆ తర్వాత ఒక్క ఆకు కూడా నీళ్లలో వేయలేదు. గంప నెత్తిన పెట్టుకుని గుంతకే మోశాను. మరుసటి వానలకు తూము చక్కగా పారింది. "చూస్తివా, ఆమె పోయినంక మడుగు ఎంత సాఫ్‌గ ఉందో!" అన్నాడు మేస్త్రీ. నేను బుద్ధి తెచ్చుకోవడమే ఆమె తప్పుకు రుజువైపోయింది. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. పని పోతుందని భయపడ్డాననుకునేదాన్ని. పని మానేశాక కూడా చెప్పలేదే, మరి అప్పుడేం భయం? మంచిదాన్ననిపించుకోవాలన్న ఆశ, అంతే.

కాశింబీ ఉందో లేదో తెలియదు. ఉన్నా ఈ అక్షరాలు చదవడం ఆమెకు రాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.

తూములో చిక్కిన గడ్డి కాశింబీది కాదు. నాది.