పొంగని పాలు, చల్లారే నీళ్లు

దేశం కాని దేశంలో, బిషాన్ అనే పేటలో కొత్త ఫ్లాట్‌లోకి దిగిన రోజు నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, మీరు జన్మలో నన్ను మీ వంటింటి గడప తొక్కనివ్వరు. అప్పట్లో రాఫెల్స్ ప్లేస్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం నాది. దాంతో లోకంలోని ప్రతి యంత్రానికీ నేనే వైద్యుణ్ణని గట్టి నమ్మకం.

కొత్త ఇల్లు కదా, ముహూర్తానికి పాలు పొంగాలి. కాకినాడ నుంచి వచ్చిన అత్తయ్యగారు ఇత్తడి గిన్నె స్టవ్ మీద పెట్టి చేతులు జోడించారు. మంట చూస్తే అగరువత్తికి తమ్ముడిలా ఉంది.

"బాబూ, ఈ సెగకి పాలు పొంగవు సరికదా, తోడుకుంటాయి! అవతల వర్జ్యం వచ్చేస్తోంది."

"గ్యాస్ ప్రెషర్ తక్కువగా ఉందండి. ఇప్పుడే కనిపెట్టేస్తాను."

నిజం చెప్పొద్దూ, నాకు భయం కన్నా కుతూహలమే ఎక్కువ. ఆవిడకు మాత్రం ఈ పాలు పొంగకపోతే కూతురి కాపురమే పొంగదని బెంగ. అప్పటికే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

స్టవ్ ఆపి, పైపు మెలిక పడిందేమోనని చూశాను. వెంటనే స్నానాలగదిలోంచి మావయ్యగారి కేక.

"అల్లుడుగారూ! నీళ్లు కాలిపోతున్నాయండీ!"

స్టవ్ వెలిగించాను.

"అల్లుడుగారూ! ఇప్పుడు చల్లబడిపోయాయండీ!"

"హీటర్‌కి కూడా ఏదో రోగం తగిలినట్టుంది. పాలయ్యాక దాని సంగతి చూస్తా," అన్నాను మా ఆవిడ సునందతో.

చూశారా తెలివి! మళ్లీ ఆపి, బర్నర్ రంధ్రాలు పిన్నీసుతో పొడిచాను. కేక. వెలిగించాను. ఇంకో కేక. సిలిండరు ఎత్తి చూశాను, నిండుగానే ఉంది. ఎంత వింత!

అత్తయ్యగారు స్నానాలగది తలుపు కొట్టారు. "ఇంతసేపు స్నానమేవిటండీ?"

"సబ్బు కడుక్కోనిస్తేగా! ఓసారి హిమాలయం, ఓసారి మరిగే ఎసరు!"

సునంద నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏవండీ, హీటర్నీ స్టవ్‌నీ ఒకే సిలిండరుకి కలిపించిందెవరు?"

"నేనే."

"రెండూ ఒకేసారి వాడాలంటే పెద్ద రెగ్యులేటర్ కావాలని మెకానిక్ మొత్తుకుంటే, పాతదే చాలన్నదెవరు?"

"అదీ... నేనే."

చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాం. నేను స్నానాలగదిలో మామగారిని పెట్టుకుని వంటిల్లంతా వెతికాను.

"మావయ్యగారూ, నీళ్లు కట్టేయండి! తొందరగా!" అని అరిచాను. నా అరుపుకి ఆయన ఇల్లంటుకుందనుకున్నారు. కుళాయి కట్టేసి, తువ్వాలు చుట్టుకుని, నెత్తి నుంచి మోకాళ్ల దాకా సబ్బునురగతో పరుగెత్తుకొచ్చారు. స్టవ్ మీద మంట భగ్గున లేచింది. పాలు బుసబుసమంటూ పొంగాయి. అత్తయ్యగారు ఆనందం పట్టలేక ఏడ్చేశారు. మావయ్యగారు భక్తితో చేతులు జోడించారు. కళ్లు మూసుకున్నది మాత్రం సబ్బు మంటకే. సునంద ఫొటో తీసి తెలుగువాళ్ల గ్రూపులో పెట్టేసింది.

మరుక్షణమే పాసిర్ రిస్ పేటలో ఉండే ఆంటీ ఫోను. తాతల కాలం నుంచీ ఇక్కడే స్థిరపడిన మనిషి ఆవిడ; ఇక్కడివాళ్లలాగే మాట చివర ‘లా’ తగిలించందే ఊరుకోదు.

"ఒళ్లంతా విభూతి పూసుకున్న ఆ సామి ఎవరు? ఫేస్‌లో ఏం కళ లా! శుక్రవారం మా ఫ్లాట్‌లో పూజ. వేరే ఎవరూ పిలవకముందే మాకు చోప్ చేసి, రిజర్వు చేసి పెట్టు లా!"

సదరు సామి నా పక్కనే నిలబడి పళ్లు నూరుతుండగా, అగ్నిసాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇక ఏ స్టవ్‌కి వైద్యం చేయాల్సి వచ్చినా, ముందు ఇంట్లో ఎవరు స్నానానికెళ్లారో కనుక్కుంటాను.