ఉయ్యాల పాట కట్టింది నేనే

మీరు బెంగళూరు నుంచి పంపిన వీడియో చూశానమ్మా. స్నేహితురాలి పెళ్లిలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఉయ్యాల పాటకి భలే ఎగిరారు. "ఇది మన జగ్గయ్యపేట వైపు పాటంట కదా అమ్మమ్మా, ఎవరు కట్టారో తెలుసా?" అని అడిగారు. తెలుసు. నేనే.

పెనుగంచిప్రోలు చేలల్లో మిరపకాయలు కోసేటప్పుడు మా కూలీల ముఠాలో ఒక పద్ధతి ఉండేది. తన సాలు ముందుగా కోసేసినామె గట్టెక్కి, అందరికంటే వెనకబడినామె మీద పాట కట్టాలి. ఆమె పాటతోనే జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పాట ఆమెకి అంటుకుపోయినట్టే.

నేను వయసులో ఉన్నప్పుడు ఒక ఏడాది, రోజూ వెనకబడేది ఒకామె. వరసకి నాకు వదిన. ఆమె చంటిపిల్ల జ్వరంతో పోయి నెల కూడా కాలేదు. అయినా గట్టు మీది వేపకొమ్మకి పాత చీరతో ఉయ్యాల కట్టేది. కోస్తూ కోస్తూ లేచి వెళ్లి, ఒక ఊపు ఊపి వచ్చేది. ఎవరూ ఏమీ అనలేదు. నేనన్నా.

"ఊపుతావూ ఊపుతావూ ఉయ్యాల వదినా
ఉయ్యాల్లో ఎవరున్నారే వదినా"

చేను చేనంతా నవ్వింది. ఆమె నోరు విప్పలేదు. మర్నాడు ఉయ్యాల కట్టలేదు. అయినా నేను మళ్లీ పాడా. బాగా కుదిరింది మరి.

మొన్నామధ్య చేలో పాడే పాటలు వీడియో తీసుకునే కుర్రాడొకడు వస్తే, అదే పాడి వినిపించా.

"ఎవరు కట్టారండి?" అన్నాడు.

"పాత పాటలే నాయనా."

ఇంకేమైనా గుర్తొస్తే చెప్పమని ఫోన్ నంబరిచ్చి వెళ్లాడు. ఆ పాటకి డప్పులు కలిపి, ఖాళీ చేతులు ఊపే స్టెప్పు పెట్టాడు. ఇప్పుడు ఏ పెళ్లిలో చూసినా అదే.

పోయిన నెల వదిన మా ఇంటికొచ్చింది. గడప దగ్గరే కూర్చుంది.

"నందిగామలో మా మనవరాలి పెళ్లి వదినా. డీజేలో ఆ పాట పెడతారంట. అది ఎవరి మీద కట్టావో నువ్వే పిల్లదానికి చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."

"చూద్దాంలే" అన్నా. చెప్తే, కట్టింది నేనేనని కూడా చెప్పాలి. చెప్పలేదు.

ఫంక్షన్ హాల్లో పాట మొదలైంది. పెళ్లికూతురు వచ్చి వదినని చెయ్యి పట్టుకుని లేపింది.

"రా నానమ్మా, ఏం లేదు, చేతులిలా ఊపు, అంతే."

వదిన ఊపింది. పాట అయిందాకా ఊపింది. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే, నేనూ కొట్టా.